ఎర్ర పీలిక

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ తాడులోనైనా ఒక పాయ తెగినట్టు కనిపిస్తే దానికి ఎర్ర గుడ్డ పీలిక కడతాం. కట్టాక ఇక ఆ తాడుతో ఎవరూ బరువెత్తరు. గోడవార చుట్టగా పడి ఉంటుంది, అంతే. ఆ ఏడు ఎండాకాలం మొదట్లో అలాంటి పీలిక ఒకటి నా మంచం కోడుకి నేనే కట్టుకున్నాను.

నెమ్మదిగా చెబుతాను, నెమ్మదిగానే రాసుకో.

అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్లు. షెడ్డు అప్పుడూ ఇంటి వెనకే. వెడల్పు లేదు గానీ పొడవు రెండు వందల అంగలు. పది అంగలకో స్తంభం, మొత్తం ఇరవై. ఒక చివర చక్రం, దాన్ని తిప్పేది మీ అమ్మమ్మ. నేను నార నడుముకి చుట్టుకుని, కొస చక్రం కొక్కేనికి తగిలించి, వేళ్ల సందుల్లోంచి నార వదులుతూ వెనక్కి నడిచేవాణ్ణి. ఆవిడ తిప్పుతుంటే పురి ఎక్కుతుంది, నేను నడుస్తుంటే పోగు సాగుతుంది. ముప్పై ఏళ్లలో నేను ముందుకి నడిచినదానికంటే వెనక్కి నడిచిందే ఎక్కువ.

నడుము పట్టేసింది నార మోపు ఎత్తుతుంటే కాదు. అలా అయితే చెప్పుకోడానికైనా బాగుండేది. చొక్కా గుండీ ఊడి పడింది, ఏరుకుందామని వంగాను. మళ్లీ లేవలేకపోయాను.

"ఏం వెతుకుతున్నారండీ అంతసేపు?" అని చక్రం దగ్గర నుంచి మీ అమ్మమ్మ రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు, పరిగెత్తుకొచ్చింది.

ఆవిడ తమ్ముడు, అంటే మా బావమరిది, నన్ను వీపున వేసుకుని ఇంట్లోకి మోశాడు. మోపులు మోసేది వాడే, మనిషి ఎద్దులా ఉండేవాడు.

"మోపుకంటే నువ్వే తేలిక బావా. కాకపోతే మోపు ఇంతలా అరవదు," అన్నాడు దారిలో.

పది రోజులైనా తగ్గకపోతే ఆస్పత్రిలో పెద్ద మిషన్లోకి దూర్చి ఫిల్మ్ తీశారు. కవరు చేతికిచ్చే ఆయన ఫిల్మ్‌ని కిటికీ వెలుగుకి పట్టుకుని నాలుక చప్పరించాడు.

"మీ వయసెంతన్నారూ?"

చెప్పాను.

"నడుము వయసు మాత్రం డెబ్బై. ఇదిగో ఇక్కడ అరిగిపోయింది, ఇక్కడ ఉబ్బింది. జాగ్రత్తండీ," అని తర్వాతి వాళ్లని పిలిచాడు.

ఆయన అర నిమిషంలో అనేసిన మాట నేను నెలల తరబడి మోశాను. అరిగింది అంటే ఏమిటో తాడు పనివాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక పాయ అరిగాక మిగతా రెండూ ఎంతసేపు ఆగుతాయో నాకు తెలుసు. ఇంటికొచ్చి పడుకుని మీ అమ్మని పిలిచాను. తనకప్పుడు పంతొమ్మిదేళ్లు.

"షెడ్డులోంచి ఒక ఎర్ర పీలిక పట్రా అమ్మా."

"దేనికి నాన్నా?"

"మంచానికి."

తెచ్చింది గానీ కట్టలేదు. నా గుండెల మీద పడేసి వెళ్లిపోయింది. నేనే కట్టుకున్నాను. నవ్వులాటకి చేశాననుకున్నాను. కానీ ఆ రోజు నుంచి ఇల్లంతా ఆ పీలిక మాటే విన్నది.

మీ అమ్మమ్మ పరుపు తీసేసి చెక్కలు పరిచింది, గట్టిగా ఉంటే మంచిదని ఎవరో చెప్పారట. నడుముకి బెల్టు బిగించింది. నేను లేచి తిరుగుతానేమోనని నా చెప్పులు తీసుకెళ్లి బీరువా మీద పెట్టింది. "కదిలారంటే ఇంకోటి తెగుతుంది," అనేది. నన్ను పక్కకి తిప్పేటప్పుడు నా వీపు మీద చెయ్యి ఎలా వేసేదంటే, అది పెంకు చిట్లిన గుడ్డు అన్నట్టు వేసేది. చూడ్డానికొచ్చినవాళ్లు తలా ఒక మాట చెప్పేవాళ్లు. కదలకుండా ఆర్నెల్లు పడుకోమని నా ఎదుట, ఎండకి పని ఎగ్గొడుతున్నాడని వీధిలో.

మూడు వారాలు అలా గడిచాయి. పడుకుంటే తగ్గాలి కదా. పెరిగింది. ముందు నడుములో ఉన్నది తుంటికి దిగింది. మంచం మీంచి లేచి గోడ దాకా వెళ్లడానికి కూడా మీ అమ్మమ్మ భుజం కావాల్సి వచ్చేది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, జనాన్ని ఏరు దాటించే పంటు నడిపే సరంగు వచ్చాడు. ఏటి మీద పంటు అటూ ఇటూ తిరిగేది మేం పేనిన తాడు పట్టుకునే. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి కట్టి ఉంటుంది.

"మేస్త్రీ, పాత తాడు ఈ వరదకి ఆగదు. వానలు దిగేలోపు కొత్తది కావాలి."

"నా సంగతి చూస్తున్నావుగా."

"చూస్తున్నాను కాబట్టే నేనే వచ్చాను. నీవల్ల కాదంటే ఇనుప తీగ తెప్పిస్తామంటున్నారు పైవాళ్లు. అదొకసారి ఏటి మీదికెక్కిందంటే ఇక మన తాడు అడిగేదెవరు?" అని మంచం కోడు వైపు చూశాడు. "ఇదేంటి?"

"పాత తాడు," అన్నాను నన్ను చూపించుకుంటూ.

ఆయన నవ్వలేదు.

పంటు తాడు పేనడం మామూలు తాడు పేనినట్టు కాదు. ముందు మూడు లావు పాయలు తయారవ్వాలి. మూడు గాడులు చెక్కిన కొయ్యదిమ్మె ఒకటి ఉంటుంది, గాడికొక పాయ. ఆ దిమ్మెని పొట్టకి అదిమిపట్టి షెడ్డు ఆ చివర నుంచి చక్రం దాకా వెనక్కి నడవాలి. దిమ్మె వదిలినచోట మూడు పాయలూ కలిసి తాడవుతాయి. నడక మాత్రం ఆగకూడదు. ఆగావా, అక్కడ మెలి పడుతుంది, తెగితే అక్కడే తెగుతుంది. మొత్తం రెండు వందల అంగలు, ఒకటే నడక. అప్పటికి అది చేతనైనవాణ్ణి నేనొక్కణ్ణే.

సరంగు వెళ్లాక మా బావమరిది గడప మీద కూర్చున్నాడు.

"కలప అమ్మే ఆయన షెడ్డు గిడ్డంగికి అడుగుతున్నాడు బావా. నువ్వింక లేచేది లేదు, అక్క ఒప్పుకునేదీ లేదు."

"నువ్వు కాసేపు ఊరుకో మామయ్యా," అంది మీ అమ్మ. "పాయలు మనిద్దరం పేనుదాం. ఆఖరి నడకకి నాన్న వస్తాడు."

"ఎక్కడికొచ్చేది?" అని మీ అమ్మమ్మ వంటింట్లోంచే కేకేసింది. "మీ నాన్నని నిలువునా తెంపేద్దామనుకుంటున్నావా?"

"ఆస్పత్రిలో ఫిజియో డాక్టరమ్మ ఒకావిడ ఉందట. నడవలేనివాళ్లని నడిపిస్తుందట. ఒకసారి చూపించి, ఆవిడ కాదంటే అప్పుడు చెక్కలకి మేకులు కొట్టు, నేను సుత్తి పట్టుకొస్తాను."

మీ అమ్మ నోరు అప్పటినుంచీ అంతే.

ఆ డాక్టరమ్మది చిన్న గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి అద్దం, ఒక బెంచీ. మాతో వచ్చిన మా బావమరిది ఆ బెంచీ మీద కూర్చున్నాడు. ముందు నన్నే ప్రశ్నలు వేసింది. కాళ్లు మొద్దుబారుతున్నాయా, ఒంటికీ రెంటికీ ఏమైనా తేడా వచ్చిందా, జ్వరం ఉందా, మనిషి చిక్కిపోతున్నారా అని. మోకాళ్ల మీద చిన్న సుత్తితో కొట్టింది, పాదాలు నొక్కించి బలం చూసింది. "ఇవి ఉంటే మాట వేరు, వెంటనే పెద్ద డాక్టరు దగ్గరికి పంపేదాన్ని. మీకు అవేవీ లేవు," అని కవరులోంచి ఫిల్మ్ తీసి వెలుగుకి పట్టుకుంది.

"ఇది చూసేనా భయపడ్డారు?"

"భయపడనా మరి? చూడండి, ఇక్కడ అరిగింది, ఇక్కడ ఉబ్బింది," అని నేనే వేలు పెట్టి చూపించాను. ఎవరి రోగం వాళ్లకి నోటికొచ్చేస్తుంది.

ఆవిడ అంచున ఉన్న చిన్న అక్షరాలు చదివింది. మళ్లీ చదివింది.

"ఇది మీది కాదండీ. పోయినేడు తీసింది."

మీ అమ్మమ్మ నాలుక కరుచుకుంది. పోయినేడు మా బావమరిది నిచ్చెన మీంచి పడితే వాడికీ అదే మిషన్లో ఫిల్మ్ తీశారు. ఎముక విరగలేదన్నారు, ఇంటికొచ్చి కవరు బీరువాలో పడేశాం. బయల్దేరే తొందరలో ఈవిడ రెండూ ఒకే కవరులో పెట్టింది. డాక్టరమ్మ రెండోది తీసి పక్కన పట్టుకుంది.

"ఇదీ మీది. నిజం చెప్పాలంటే మీదే కాస్త నయం. ఆ మొదటిది ఎవరిది?"

అందరం బెంచీ వైపు చూశాం. మా బావమరిది నెమ్మదిగా ఒక చెయ్యి నడుము మీద వేసుకున్నాడు.

"డాక్టరమ్మా, నాకూ ఇక్కడేదో కలుక్కుమంటోందండీ."

"ఎప్పటినుంచి?"

"ఇప్పట్నుంచే."

"పొద్దున్న ఏం పని చేశారు?"

"ఏముందీ, పదకొండు మోపులు దించాను. తర్వాత మా బావని ఎత్తి బండెక్కించాను."

"అప్పుడు కలుక్కుమనలేదా?"

"అప్పుడు నాకు ఈ సంగతి తెలీదు కదండీ."

డాక్టరమ్మ మొహం పక్కకి తిప్పుకుని నవ్వుకుంది. మీ అమ్మ దాచుకోలేదు, పగలబడి నవ్వింది. నేను మాత్రం ఆ రెండు ఫిల్ములకేసే చూస్తున్నాను.

"వయసొస్తుంటే తల నెరుస్తుంది, నడుములోనూ ఇలా మార్పులొస్తాయి," అంది ఆవిడ. "నొప్పి ఉన్నవాళ్లకీ ఉంటాయి, లేనివాళ్లకీ ఉంటాయి. ఫిల్మ్ చూసి ఎవరికి నొప్పో చెప్పలేం. ఇప్పుడు మీరే చెప్పలేకపోయారు."

మూడు వారాలుగా నన్ను తొలుస్తున్న మాట అప్పుడు అడిగాను. "అయితే నాది ఉత్తుత్తి నొప్పంటారా?"

"అననండీ. నొప్పి నిజమే. మీ వీధిలో కుక్క ఉందా?"

"ఉంది."

"దొంగొచ్చినా మొరుగుతుంది, ఉత్తరాలాయన వచ్చినా మొరుగుతుంది. మొరగడం అబద్ధమా? కాదు. కానీ మొరిగినప్పుడల్లా తలుపేసుకుని మంచం కింద దూరితే ఎలా? మొదట్లో మీ కుక్క దేనికో మొరిగింది. ఇప్పుడు ఆకు రాలినా మొరుగుతోంది. మీరు పడుకున్నకొద్దీ దానికి భయం ఎక్కువవుతుంది."

"మాది తాళ్ల పనండీ," అన్నాను. "పాయ పోయిన తాడు మీద బరువు వెయ్యం."

"తాడు తెగితే దానంతటది అతుక్కుంటుందా?"

"లేదు."

"చేతులు చూపించండి."

చాపాను. చిన్నప్పటి నుంచి నార కోసిన గాట్లు, ఒకదాని మీద ఒకటి. ఎన్నో లెక్కలేదు. అన్నీ మూసుకునే ఉన్నాయి. మూసుకున్న చోట చర్మం ముందుకంటే గట్టిగా ఉంది.

ఇంటికొచ్చేదాకా చేతులు ఒళ్లోనే పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాను.

ఆస్పత్రి నుంచి బయల్దేరేముందు డాక్టరమ్మ ఒక్క లెక్క మాత్రం చెప్పింది. "రోజూ నడవండి. మీ పని వెనక్కి నడవడమే అయితే వెనక్కే నడవండి. కాస్త నొప్పున్నా అనుకున్నంత నడవాలి. బాగుంది కదా అని అనుకున్నదానికంటే ఎక్కువ మాత్రం నడవద్దు. బెల్టు మెల్లగా వదిలెయ్యండి."

మర్నాడు పొద్దున చెప్పులు లేకుండానే షెడ్డులోకి వెళ్లాను, బీరువా మీద అందవు కాబట్టి. మీ అమ్మ పక్కన ఉంది. ఒక్క స్తంభం దాకా నడిచాను, పది అంగలు. చెమటతో చొక్కా తడిసిపోయింది. మర్నాడూ ఒకటే. మూడో నాటికి రెండు. మీ అమ్మ బొగ్గుతో స్తంభానికి గీత పెట్టేది. ఆ పక్కనే తనూ వాళ్ల మామయ్యా పాయలు పేనేవాళ్లు. మా బావమరిది రెండు రోజులు వంగి వంగి నడిచాడు. మూడో రోజు నార బండి వచ్చేసరికి ఫిల్మ్ సంగతి మర్చిపోయి మోపులెత్తడం మొదలుపెట్టాడు. మీ అమ్మమ్మ గుమ్మంలో నిలబడి అదంతా చూసింది గానీ నాతో మాట్లాడలేదు. వాళ్ల పాయల కోసం చక్రం మాత్రం తిప్పేది, నేను నడుస్తున్నంతసేపూ తల పక్కకి తిప్పుకుని.

ఏడో స్తంభం చేరిన రోజు నాకు పట్టరాని సంతోషం వేసింది. అదే కొంప ముంచింది. ఆ ఊపులో తొమ్మిది దాకా వెళ్లాను. సాయంత్రానికి నడుము మొదటి రోజులాగే పట్టేసింది. మళ్లీ చెక్కల మీదికి చేరాను. కళ్లు మూసుకుంటే ఎర్ర పీలికే.

మీ అమ్మమ్మ ‘నేను చెప్పానా లేదా’ అనలేదు. అంటే బాగుండేది. మంచం పక్కన పీట వేసుకుని చాలాసేపు కూర్చుంది.

"కాళ్లు మొద్దుబారాయా?" అంది చివరికి.

"లేదు."

"ఆ సుత్తి ఆవిడ అడిగినవి ఏవైనా ఉన్నాయా?"

"ఏవీ లేవు. నొప్పొకటే."

తర్వాత లేచి, ఆ పీటే బీరువా దగ్గర వేసి ఎక్కింది. చెప్పులు దించి, చేత్తో దుమ్ము దులిపి, మంచం కింద నా కాళ్లకి అందేటట్టు పెట్టింది.

"రేపు అయిదు దాకా చాలు," అంది. "తొమ్మిదీ గిమ్మిదీ అన్నారంటే ఊరుకోను."

అంతే. ఆ పూట ఇంతకంటే ఏం జరగలేదు.

మర్నాడు అయిదు. నాలుగు రోజులు అయిదే. తర్వాత ఆరు. పన్నెండు దాటాక ఆవిడే చెక్కలు తీసి పరుపు వేసింది. పదిహేను దాటాక బెల్టు తీసేసి, దాని స్థానంలో గుప్పెడు నార చుట్టుకున్నాను. నడుముకి పాత చుట్టం ఇంటికొచ్చినట్టు అనిపించింది. వారం వారం నార పెరిగింది. మధ్యలో రెండుసార్లు మళ్లీ పట్టేసింది. రెండుసార్లూ మంచమెక్కలేదు, రెండు స్తంభాలు తగ్గించుకున్నాను, అంతే. వీధిలో ఎండకి పని ఎగ్గొట్టాడన్నవాళ్లు, ఇప్పుడు ఎండలో వెనక్కి నడుస్తున్నాడు పిచ్చెక్కిందన్నారు.

ఇరవయ్యో స్తంభానికి బొగ్గు గీత పడిన నాలుగో రోజు ఆకాశం మబ్బేసింది. మూడు పాయలూ సిద్ధంగా ఉన్నాయి. మళ్లీ పేనడానికి నార లేదు, పొద్దూ లేదు. సరంగు ఇద్దరు మనుషుల్ని తీసుకొచ్చాడు, ఆ చివర తాడు బిగువు పట్టడానికి. చక్రం బరువని మీ అమ్మమ్మతో పాటు మా బావమరిది కూడా పిడి పట్టుకున్నాడు.

దిమ్మె పొట్టకి ఆనించుకున్నాను. మూడు పాయలూ మూడు గాడుల్లో బిగిశాయి. చక్రం కదిలింది, నేను వెనక్కి మొదటి అంగ వేశాను. నా వీపు చక్రం వైపు, మొహం తాడు వైపు. మీ అమ్మమ్మ నాకు కనిపించదు. కానీ నేను స్తంభం దాటినప్పుడల్లా కేకేసి లెక్క చెప్పింది.

"మూడు... నాలుగు..."

దిమ్మె ముందు తాడు పుట్టుకొస్తోంది, లావుగా, సమంగా. మీ అమ్మ దాని మీద చెయ్యి వేసి నాతోపాటే నడుస్తోంది. ఎక్కడ మెలి పడుతుందో ఆ చేతికి తెలుస్తుంది.

"తొమ్మిది," అంది మీ అమ్మమ్మ. "పది."

పదమూడు దగ్గర మొరిగింది కుక్క. నడుము నుంచి తుంటిలోకి ఒక్కసారి లాగింది. కాలు ఆగబోయింది. మీ అమ్మ నా మొహం చూసింది.

"నాన్నా?"

"ఉత్తరాలాయనే," అన్నాను.

మీ అమ్మ పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. నా కాలు ఆగలేదు.

"పద్నాలుగు. పదిహేను. చూసుకోండి, తొందరేం లేదు. పదహారు."

చక్రం కిర్రు దగ్గరవుతోంది. రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. పద్దెనిమిది అన్నది వినపడింది. పంతొమ్మిది వినపడలేదు, వాన చప్పుడు. తర్వాత నా వీపు మీద, సరిగ్గా మూడు నెలలుగా ఎవరూ గట్టిగా ముట్టుకోని చోట, ఫెడీమని ఒక దెబ్బ పడింది. మీ అమ్మమ్మ అరచెయ్యి.

"ఇరవై," అంది. "ఇక ఆగండి, చక్రం ఎక్కేస్తారా ఏంటి."

సరంగు ఆ చివర నుంచి ఈ చివర దాకా తాడు నిమురుకుంటూ వచ్చాడు. ఎక్కడా చెయ్యి ఆగలేదు. "ఇనుప తీగ వద్దని చెప్పేస్తాను," అన్నాడు. మా బావమరిది నన్ను మోపులా పైకెత్తి రెండు గిరికీలు తిప్పాడు. "ఒరేయ్, నీ ఫిల్మ్ చూసుకోరా," అని నేను అరుస్తూనే ఉన్నాను.

ఆ గోలలో మీ అమ్మ ఇంట్లోకి వెళ్లొచ్చింది. చేతిలో నా మంచం కోడుకున్న ఎర్ర పీలిక ఉంది. తాడు రెండు కొసలూ కలిపి పట్టించి, సరిగ్గా నడిమధ్యన పాయల సందులోంచి దూర్చి ముడివేసింది.

"అదేంటే, కొత్త తాడుకి పీలిక కడతావు?" అన్నాడు వాళ్ల మామయ్య.

"సగం ఏరు దాటినట్టు గుర్తు," అంది. "పంటులో ఉన్నవాళ్లకి తెలియొద్దూ."

ఇప్పటికీ పంటు తాడు మార్చినప్పుడల్లా నడిమధ్యన ఎర్ర పీలిక కడతారు. మీ అమ్మే కడుతుంది, ఇప్పుడు దిమ్మె పట్టుకుని నడిచేది తనే. పంటులో వెళ్లే పిల్లలు అది దగ్గరపడగానే వేళ్లు చూపిస్తారు.

నొప్పి పూర్తిగా పోయిందని రాయకు. వస్తుంది, ముసురు పట్టినప్పుడు వస్తుంది, ఊరికే కూడా వస్తుంది. నాలుగు మొరుగులు మొరిగి పోతుంది. నేను చెప్పులేసుకుంటాను.

నువ్వు కూడా పొద్దున్నుంచీ వంగి రాస్తున్నావు. కలం పక్కన పెట్టు. షెడ్డు చివరిదాకా వెళ్లొద్దాం పద, వెనక్కి నడుద్దాం. లెక్క నువ్వు చెప్పు.